ఒంట్లో ఏమీ లేకపోయినా డాక్టర్ని కలవాలా? 43 ఏళ్ళ మగవాడికి ఏ టెస్టులు కావాలి, ఏవి అక్కర్లేదు

మీ ప్రశ్న పెద్దది కాబట్టి ముందు కుదించి చెప్తాను. మీకు 43 ఏళ్ళు, విశాఖ గాజువాకలో ఇల్లు, ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. ఇబ్బందులేవీ లేవు. మీ నాన్నగారికి 52వ ఏట గుండెపోటు వచ్చింది. చెకప్ చేయించుకోమని ఇంట్లో ఆవిడ పోరుతున్నారు. ఫోన్లో 1,999 రూపాయలకి 80 పైచిలుకు టెస్టుల ప్యాకేజీ కనిపించింది. "రోగమే లేనప్పుడు డాక్టరు దగ్గరికెళ్ళి ఏం చెప్పుకోవాలి? టెస్టులు నేనే చేయించుకుని, తేడా ఉంటేనే వెళ్తే సరిపోదా?" అని అడిగారు. చివర్లో 35 ఏళ్ళ తమ్ముడి సంగతి కూడా.

సరిపోదండి. ప్యాకేజీ మానేయండి, డాక్టర్ని మానకండి. ఏడాదికోసారి, వీలైనంత వరకు ఒకే జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళండి. మీ వయసుకి, మీ ఇంటి చరిత్రకి కావలసిన టెస్టులు పది పన్నెండుకి మించవు. వాటిలో అన్నిటికంటే ముఖ్యమైన బీపీకి రక్తం కూడా తియ్యక్కర్లేదు.

ప్యాకేజీ ఎందుకు వద్దంటున్నానంటే, ల్యాబు రిపోర్టులో "నార్మల్ రేంజి" అని వేసేది సాధారణంగా ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది ఇమిడే హద్దు. అంటే ఏ జబ్బూ లేని మనిషి కూడా ఒక్కో టెస్టులో 5 శాతం సార్లు హద్దు దాటతాడు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 టెస్టులు చేస్తే, కనీసం ఒకటైనా ఎర్ర అక్షరాల్లో వచ్చే అవకాశం 64 శాతం. 80 చేస్తే దాదాపు ఖాయం. ఆ ఒక్క ఎర్ర అక్షరం పట్టుకుని స్కానింగు, మళ్ళీ రక్తం, ఇంకో స్పెషలిస్టు, నెల్రోజుల నిద్రలేమి. ఇటువైపు ఆ హడావుడి జరుగుతుంటే, ప్యాకేజీలో లేని బీపీ 160 దగ్గర కూర్చుని ఉంటుంది, దాన్ని చూసేవాళ్ళే ఉండరు.

రెండో కారణం దీనికి తలకిందులు. హద్దులో ఉన్నది కూడా ఒక్కోసారి చెడ్డ వార్తే. ఉదాహరణకి క్రియాటినిన్, అంటే కిడ్నీలు రక్తంలోంచి వడగట్టాల్సిన ఒక వ్యర్థం. మూడేళ్ళ కిందట 0.8, ఇప్పుడు 1.2 అనుకోండి. రెండూ నార్మలే, రెండు రిపోర్టుల్లోనూ నల్ల అక్షరాలే. కానీ 43 ఏళ్ళ మగవాడికి లెక్క వేస్తే 0.8 దగ్గర కిడ్నీలు వడగట్టే వేగం, అంటే ఈజీఎఫ్ఆర్, 110 పైన ఉంటుంది. 1.2 దగ్గర 77కి దిగుతుంది. మూడో వంతు తగ్గింది! పాత రిపోర్టు పక్కన పెట్టుకుని చూసే మనిషి ఉంటేనే ఇది దొరుకుతుంది. ఏటా కొత్త ల్యాబు, కొత్త ప్యాకేజీ, డాక్టరు లేడు అంటే దొరకదు.

ఒక నిజం కూడా ఒప్పుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఊరికే జనరల్ చెకప్‌లు చేయడం వల్ల మరణాలు తగ్గవని 2019లో కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన బృందం చేసిన సమీక్ష తేల్చింది. అయితే అందులోని అధ్యయనాలు ఎక్కువగా పాశ్చాత్య దేశాలవి. అక్కడి మనిషికి ఎలాగూ ఒక ఫ్యామిలీ డాక్టరు ఉంటాడు, ఏ జలుబుకో వెళ్ళినా బీపీ చూస్తాడు. మన దగ్గర ఆడవాళ్ళకి కాన్పుల సమయంలోనైనా బీపీ, రక్తం, షుగరు చూస్తారు. చాలామంది మగవాళ్ళకి ఉద్యోగంలో చేరినప్పటి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు తర్వాత చేతికి బీపీ పట్టా చుట్టించుకునే సందర్భమే రాదు. దేశంలో పెద్దవాళ్ళలో 35 శాతం మందికి పైగా హైబీపీ, 11 శాతం మందికి పైగా షుగరు ఉన్నట్టు 2023లో ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే ఫలితాలు చెప్పాయి. కాబట్టి చెకప్ అనే తంతు వల్ల లాభం లేదు. బీపీ, షుగరు, కొలెస్ట్రాలు, పొగాకు లాంటి కొన్నిటిని వెతికి పట్టుకుని, పట్టుకున్నాక ఏదో ఒకటి చేస్తేనే లాభం.

మీ ప్లాంటులో ఏటా మెడికల్ జరుగుతుంటే ఆ రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి. వినికిడి, ఊపిరితిత్తుల పరీక్షలు అందులో ఉంటే మళ్ళీ డబ్బు పెట్టక్కర్లేదు. కానీ అక్కడ "ఫిట్" అని రాసేది పని చెయ్యడానికి ఫిట్ అని. పదేళ్ళలో గుండెపోటు వచ్చే అవకాశం ఎంత అన్న లెక్క అందులో ఉండదు.

డాక్టరుకి ఏం చెప్పాలి. "నాకు ఏ ఇబ్బందీ లేదండి. మా నాన్నగారికి 52కే గుండెపోటు వచ్చింది. నా రిస్కు ఎంతో చూడండి." ఈ మూడు ముక్కలు చాలు. తండ్రికి గానీ అన్నదమ్ములకి గానీ 55 లోపు, తల్లికి గానీ అక్కచెల్లెళ్ళకి గానీ 65 లోపు గుండెపోటు వస్తే దాన్ని చిన్న వయసు గుండెజబ్బుగా లెక్కిస్తారు. మీ నాన్నగారిది ఆ కోవలోకే వస్తుంది, అందుకే మీకు మామూలు 43 ఏళ్ళ మనిషి లెక్క వర్తించదు. వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్ళండి. వాడే మాత్రల స్ట్రిప్పులు, జుట్టు కోసం వేసుకునేవి, జిమ్ము పౌడర్లు, నాటు మందులు కూడా. సాయంత్రం ఏడు గంటలకి ఓపీ కిక్కిరిసి ఉన్నప్పుడు వెళ్తే జ్వరాల మధ్య మీ మాట వినే తీరిక ఎవరికీ ఉండదు. పగటి పూట, వారం మధ్యలో అపాయింట్‌మెంట్ పెట్టుకోండి.

ఇక్కణ్ణించి ఒక్కొక్కటీ.

బీపీ. దీనిమీద కాస్త ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. మెట్లెక్కి వచ్చి కూర్చోగానే, చొక్కా చెయ్యి మీదే పట్టా చుట్టి, మీరు మాట్లాడుతుండగా తీసిన రీడింగు పనికిరాదు. అరగంట ముందు నుంచి టీ, కాఫీ, సిగరెట్ ఉండకూడదు. మూత్రానికి వెళ్ళి రావాలి, నిండిన మూత్రాశయం ఒక్కటే పది పాయింట్లు పెంచగలదు. వీపు ఆనించి, పాదాలు నేలకి ఆన్చి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఆనాలి. ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండు సార్లు తీసి సగటు వెయ్యాలి. మొదటిసారి రెండు చేతులకీ చూడమనండి. తేడా ఉంటే ఎక్కువ వచ్చిన చెయ్యే ఇకమీదట లెక్క.

పట్టా సైజు సంగతి చాలామందికి తెలీదు. భుజానికీ మోచేతికీ మధ్యలో చుట్టుకొలత 32 సెంటీమీటర్లు దాటితే మామూలు పట్టా చిన్నదైపోయి బీపీని ఎక్కువ చూపిస్తుంది. లావుపాటి చేతులున్నవాళ్ళకి పెద్ద పట్టా అడగాలి. మణికట్టుకి పెట్టుకునే మిషన్లు కొనకండి, చేతి ఎత్తు కాస్త మారినా అంకె మారిపోతుంది.

క్లినిక్‌లో 140/90 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే వెంటనే బీపీ రోగి అని ముద్ర వెయ్యరు. ఇంట్లో వారం రోజులు చూడాలి. పొద్దున రెండు, రాత్రి రెండు రీడింగులు, కాగితం మీద రాయండి. మొదటి రోజువి కొట్టేసి మిగతా ఆరు రోజుల సగటు తీయండి. అది 135/85 గానీ ఆ పైన గానీ ఉంటే నిజంగానే బీపీ ఉన్నట్టు. నైట్ షిఫ్టు వారంలో గడియారం చూసి కాకుండా, నిద్ర లేచిన గంటలోపు రెండు, పడుకునే ముందు రెండు అని పెట్టుకోండి. క్లినిక్‌లో ఎక్కువ, ఇంట్లో తక్కువ వచ్చేవాళ్ళు ఉంటారు. డాక్టరు దగ్గర బాగుండి ఇంట్లో, డ్యూటీలో పెరిగేవాళ్ళూ ఉంటారు. ఈ రెండో రకం చాప కింద నీరు. 180/110 దాటితే వారం ఆగకండి, ఆ రోజే వెళ్ళండి. దానితోపాటు గుండెలో నొప్పి, ఆయాసం, మాట తడబాటు, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి.

"మాత్ర మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలట కదా" అని ఈ మాటకే భయపడి చూపించుకోనివాళ్ళు బోలెడుమంది. బీపీ మాత్ర అలవాటు చేసే మందు కాదు. మాత్ర వేసుకుంటే 126 వచ్చింది కాబట్టి తగ్గిపోయిందని ఆపేస్తారు. ఆ 126 మాత్ర వల్ల వచ్చిందే. బరువు తగ్గి, ఉప్పు తగ్గించి, మద్యం మానేస్తే మాత్ర తగ్గించగలిగిన వాళ్ళూ ఉన్నారు, అది డాక్టరు చూస్తూ ఉండగా చెయ్యాలి. ఉప్పు అంటే కూరలో ఉప్పొక్కటే కాదు. ఎండుచేపలు, ఆవకాయ, అప్పడాలు, బేకరీ సరుకు అన్నీ కలిపి రోజుకి 5 గ్రాములు, ఒక చిన్న టీ స్పూను. మన తీరం వంటల్లో ఆ హద్దు పొద్దున టిఫినుతోనే సగం అయిపోతుంది.

షుగరు. ఫాస్టింగ్ అంటే కనీసం 8 గంటలు ఏమీ తినకుండా, మంచినీళ్ళు తాగొచ్చు. 100 లోపు మామూలు. 100 నుంచి 125 అంచు మీద ఉన్నట్టు. 126 గానీ ఆ పైన గానీ అయితే షుగరు, కానీ లక్షణాలు లేనివాళ్ళకి ఒక్క రీడింగుతో తేల్చకూడదు, మరోసారి గానీ మరో టెస్టుతో గానీ రూఢి చేసుకోవాలి. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగరు సగటు చెప్పే టెస్టు) అయితే 5.7 నుంచి 6.4 వరకు అంచు, 6.5 నుంచి షుగరు.

ఇంటికొచ్చి రక్తం తీసే పద్ధతిలో ఒక లోపం ఉంది. రక్తం ట్యూబులో ఉన్నంతసేపూ అందులోని కణాలు చక్కెరని తింటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో గంటకి 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. పొద్దున మీ ఇంట్లో తీసి, అబ్బాయి బండి మీద గాజువాక నుంచి గోపాలపట్నం దాకా ఇళ్ళన్నీ తిరిగి రెండు గంటల తర్వాత ల్యాబులో ఇస్తే, అసలు 128 ఉన్నది 115 లోపు కనిపించొచ్చు. షుగరు ఉన్న మనిషి లేదనుకుని ఇంటికెళ్తాడు. అందుకని షుగరు శాంపిలు బూడిద రంగు మూత ట్యూబులోనే తియ్యమనండి, కుదిరితే ల్యాబుకే వెళ్ళి ఇవ్వండి. నైట్ డ్యూటీ దిగి అదే పొద్దున ఫాస్టింగ్ ఇవ్వకండి. మధ్యరాత్రి క్యాంటీన్లో తిన్నది, టీలు, నిద్రలేమి అన్నీ కలిసి అంకెని గందరగోళం చేస్తాయి. రెండు మూడు రాత్రులు సరిగ్గా పడుకున్నాక ఇవ్వండి.

తిన్న తర్వాత చేసే టెస్టులో ఒకాయన రెండు ఇడ్లీలు తిని వస్తాడు, ఇంకొకాయన పూరీ, జిలేబీ. రెండూ పోల్చలేం. నిర్ధారణకి కావాలంటే 75 గ్రాముల గ్లూకోజ్ గ్లాసుడు నీళ్ళలో కలిపి ఐదు నిమిషాల్లో తాగి, తాగడం మొదలుపెట్టినప్పటి నుంచి సరిగ్గా రెండు గంటలకి రక్తం ఇవ్వాలి. 200 గానీ ఆ పైన గానీ వస్తే షుగరు.

హెచ్‌బీఏ1సీ గురించి ఒక హెచ్చరిక. ఐరన్ తక్కువగా ఉన్నవాళ్ళకి అది ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పాడేరు, అరకు వైపు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉన్న కుటుంబాలు ఉన్నాయి. ఆ లక్షణం ఉన్నవాళ్ళకి కొన్ని పద్ధతుల్లో ఈ టెస్టు తప్పు చెప్తుంది. అలాంటివాళ్ళు నేరుగా షుగరునే చూపించుకోవాలి.

నడుము. టేపు చాలు. ప్యాంటు కట్టుకునే చోట కాదు, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య, మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట బిగించకుండా కొలవాలి. మన మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు హద్దు. బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) కూడా మనకి 23 నుంచే ఎక్కువ బరువు కింద లెక్క. ప్యాంటు సైజు 34 కాబట్టి నాకేం లేదు అనుకోవద్దు, ప్యాంటు పొట్ట కిందకి జారి ఉంటుంది.

కొలెస్ట్రాలు, గుండె. లిపిడ్ ప్రొఫైలుకి, అంటే రక్తంలో కొవ్వుల టెస్టుకి, మామూలుగా పరగడుపు అవసరం లేదు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే మాత్రం పరగడుపున మళ్ళీ చేయించాలి, ఎందుకంటే ఆపైన లెక్కగట్టి వేసే చెడ్డ కొలెస్ట్రాలు, అంటే ఎల్‌డీఎల్ నమ్మదగ్గది కాదు. ముందు రోజు పార్టీ, బిరియానీ, మందు ఉంటే వారం వాయిదా వెయ్యండి. ఎల్‌డీఎల్ 190 గానీ ఆ పైన గానీ వస్తే వంశపారంపర్యంగా వచ్చే కొలెస్ట్రాలు జబ్బేమో చూడాలి, మందు వాడాలా వద్దా అన్న తర్జనభర్జన అక్కడ ఉండదు. అంతకంటే తక్కువైతే ఎల్‌డీఎల్ ఒక్కటే చూసి నిర్ణయించరు. వయసు, బీపీ, షుగరు, పొగ, ఇంటి చరిత్ర కలిపి చూస్తారు.

మీకు ప్రత్యేకంగా చెప్పేది లైపోప్రోటీన్-ఏ, చెడ్డ కొలెస్ట్రాలు లాంటిదే ఇంకొకటి. జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు, అది పుట్టుకతో వచ్చేది, తిండితో పెద్దగా మారదు. డెసీలీటరుకి 50 మిల్లీగ్రాములు దాటితే మిగతా వాటిని మరింత గట్టిగా అదుపు చెయ్యాలి. చాలా ప్యాకేజీల్లో ఇది ఉండదు, అడిగి రాయించుకోవాలి.

ఈసీజీ ఒకటి తీయించి దాచుకోండి. రేపెప్పుడైనా గుండెనొప్పి అని వెళ్తే పోల్చి చూడ్డానికి పనికొస్తుంది. అంతేగానీ "ఈసీజీ నార్మల్, బ్లాకుల్లేవు" అని ఊపిరి పీల్చుకోకండి. విశ్రాంతిలో తీసిన ఈసీజీలో బ్లాకులు కనబడాలని లేదు. ఏ లక్షణమూ లేనివాళ్ళకి ట్రెడ్‌మిల్ టెస్టు మామూలుగా అక్కర్లేదు, లేని జబ్బు ఉన్నట్టు చూపించి యాంజియోగ్రామ్ దాకా నడిపిస్తుంది. కొలెస్ట్రాలు తగ్గించే స్టాటిన్ మాత్ర మొదలుపెట్టాలా వద్దా అన్నది తేలకపోతే, సీటీలో గుండె రక్తనాళాల క్యాల్షియం స్కోరు చూడటం ఉపయోగం. ఇది మీరు నిర్ణయించేది కాదు, డాక్టరుతో మాట్లాడి.

కిడ్నీ. క్రియాటినిన్‌తోపాటు మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో చెప్పే అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి అడగండి. పొద్దున మొదటి మూత్రం మంచిది. జ్వరం వచ్చినప్పుడు, ముందురోజు బాగా కసరత్తు చేసినప్పుడు ఇవ్వకండి. 30 లోపు ఉండాలి. మీ మూలాలు కవిటి, కంచిలి, సోంపేట, పలాస వైపు అయితే, ఇక్కడ స్థిరపడి ఎన్నేళ్ళయినా సరే, డాక్టరుకి ఆ మాట తప్పకుండా చెప్పండి. ఉద్దానం కిడ్నీ జబ్బులో మొదట్లో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, కాళ్ళ వాపులుండవు, బీపీ కూడా ఉండకపోవచ్చు. "మూత్రం టెస్టు బాగుంది" అంటే సరిపోదు, క్రియాటినిన్ ఏటా చూడాల్సిందే. జిమ్ముకెళ్ళి క్రియాటిన్ పౌడర్ తాగేవాళ్ళకి, ముందురోజు మాంసం దండిగా తిన్నవాళ్ళకి క్రియాటినిన్ కాస్త పెరిగి కనిపిస్తుంది. నడుం నొప్పికని మెడికల్ షాపులో కొనుక్కునే నొప్పి మాత్రలైతే నిజంగానే పాడుచేస్తాయి.

లివరు, మందు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు ఉంటే వయసుతో కలిపి ఫిబ్-4 అనే లెక్క వెయ్యొచ్చు. 1.3 లోపు వస్తే లివరు గట్టిపడే భయం ప్రస్తుతానికి తక్కువ. స్కానింగులో "గ్రేడ్-1 ఫ్యాటీ లివర్" అన్న మాట కంటే ఇది ఎక్కువ చెప్తుంది. మందు గురించి డాక్టరు అడిగితే "ఎప్పుడైనా, కొంచెం" అనకండి. 42.8 శాతం ఉన్న క్వార్టరు, 180 మిల్లీలీటర్లు, అంటే 60 గ్రాముల ఆల్కహాలు. పది గ్రాములకి ఒక పెగ్గు లెక్కన ఆరు. వారానికి ఎన్ని క్వార్టర్లో అంకె చెప్పండి. హెపటైటిస్-బి టెస్టు ఒక్కసారి చేయించి, నెగెటివ్ వస్తే 0, 1, 6 నెలల్లో మూడు డోసుల టీకా గురించి అడగండి.

నోరు. ఖైనీ, గుట్కా, చుట్ట, వక్కపొడి ఏది అలవాటున్నా ఏటా నోరు చూపించుకోవాలి. మన ఉత్తరాంధ్రలో నిప్పు నోట్లోకి పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది, ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్ళలో. వాళ్ళకి అంగిలి మీద పుండ్లు వస్తాయి. ఇంట్లో అమ్మమ్మ ఉంటే ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళండి. మీరు అద్దం ముందు టార్చి వేసుకుని చూసుకోవాల్సినవి: రెండు వారాలైనా మానని పుండు, గీకితే పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, మూడు వేళ్ళు నిలువుగా పట్టనంతగా నోరు తెరుచుకోకపోవడం. ఎర్ర మచ్చ తెల్లదానికంటే ప్రమాదం. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు, మొదట్లో నొప్పి ఉండదు. అలాంటిది కనిపిస్తే మీకు దగ్గర్లోనే అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్ ఉండనే ఉంది.

ప్రోస్టేటు. 43కి పీఎస్ఏ, అంటే ప్రోస్టేట్ క్యాన్సర్‌ని వెతికే రక్తపరీక్ష, అక్కర్లేదు. తండ్రికో అన్నదమ్ములకో ప్రోస్టేట్ క్యాన్సర్ ఉంటే 45 దగ్గర మాట్లాడాలి. లేకపోతే 55 నుంచి 69 మధ్య, లాభనష్టాలు తెలుసుకుని మీ ఇష్టం. చేయించుకుంటే ముందు రెండు రోజులు వీర్యస్ఖలనం, సైకిలు స్వారీ లేకుండా చూసుకోండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు అసలు చేయించొద్దు, అబద్ధంగా పెరుగుతుంది. జుట్టుకో ప్రోస్టేటుకో ఫినాస్టెరైడ్ వాడేవాళ్ళకి పీఎస్ఏ సగానికి పడిపోతుంది, ఆ సంగతి చెప్పకపోతే డాక్టరు తప్పుగా చదువుతాడు.

ప్యాకేజీల్లో కనిపించే సీఈఏ, సీఏ 19-9 లాంటి క్యాన్సర్ మార్కర్లు ఆరోగ్యవంతుడికి అక్కర్లేదు. జబ్బు లేకపోయినా పెరుగుతాయి, ఉన్నా పెరక్కపోవచ్చు. థైరాయిడ్ చేయిస్తే, జుట్టు రాలడానికి వేసుకునే బయోటిన్ మాత్రలు రెండు మూడు రోజుల ముందే ఆపండి, కొన్ని యంత్రాల్లో లేని థైరాయిడ్ జబ్బుని చూపిస్తుంది.

ఇప్పుడు మగవాళ్ళు తలుపు దగ్గరికి వెళ్ళి, చెప్పులేసుకుంటూ అడిగే మాట. అంగస్తంభన తగ్గడం. దీన్ని మొదట్లోనే చెప్పండి. అంగానికి వెళ్ళే రక్తనాళాలు ఒకటి రెండు మిల్లీమీటర్లే, గుండెవి మూడు నాలుగు. పూడిక మొదలైతే సన్నవాటిలో ముందు తెలుస్తుంది. గుండె లక్షణాలకి రెండు మూడేళ్ళు ముందే ఇది కనబడే అవకాశం ఉంది. మీ ఇంటి చరిత్రతో ఇది తోడైతే గుండె పరీక్ష కొంచెం లోతుగా చెయ్యాలి. సిగ్గుపడి మెడికల్ షాపులో స్తంభన కోసం సిల్డెనాఫిల్ మాత్ర కొని వాడుతూ, ఎవరికీ చెప్పకుండా ఉంటే ఇంకో ప్రమాదం. గుండెనొప్పి వచ్చినప్పుడు నాలిక కింద పెట్టే సార్బిట్రేట్ దానితో కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటలు, టాడలాఫిల్ అయితే 48 గంటలు సార్బిట్రేట్ పెట్టకూడదు. ఎమర్జెన్సీలో అడిగితే భార్య ముందైనా సరే నిజం చెప్పాలి.

షిఫ్టు డ్యూటీ కాబట్టి నిద్ర కూడా. గట్టిగా గురక, నిద్రలో ఊపిరి ఆగి ఉక్కిరిబిక్కిరై లేవడం, పగలు కునికిపాట్లు, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటడం, వీటిలో రెండు మూడు ఉంటే స్లీప్ ఆప్నియా అనుమానించాలి. మూడు మాత్రలకీ లొంగని బీపీ వెనక ఇది దాక్కుని ఉంటుంది. ఈ సాక్ష్యం మీరు చెప్పలేరు, మీ ఆవిణ్ణి వెంట తీసుకెళ్ళండి. రెండు వారాలుగా ఏ పనిమీదా ఆసక్తి లేకపోవడం, దిగులు ఉంటే అదీ డాక్టరుకి చెప్పే విషయమే. ఎవరితోనూ మాట్లాడలేకపోతే టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. టీకాల్లో ధనుర్వాతం బూస్టరు పదేళ్ళకోసారి, ఫ్లూ ఏటా అడగండి.

ఖర్చు గురించి. ముప్పై దాటిన అందరికీ బీపీ, షుగరు, నోటి పరీక్ష ప్రభుత్వ పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. ఈఎస్ఐ ఉన్నవాళ్ళకి మల్కాపురం ఆస్పత్రి ఉంది. మీ హెల్త్ ఇన్సూరెన్స్‌లో ఏటా చెకప్ ఉచితమేమో పాలసీ కాగితం చూడండి. పాత పన్ను విధానంలో ఉంటే ఆదాయపు పన్నులో చెకప్‌కి పెట్టిన 5,000 వరకు మినహాయింపు ఉంది, నగదు కట్టినా చెల్లుతుంది, బిల్లు దాచండి.

ఎన్నాళ్ళకోసారి. అన్నీ బాగుంటే బీపీ, నడుము, డాక్టరు ఏటా. మీ ఇంటి చరిత్రకి లిపిడ్ ఏటా లేదా రెండేళ్ళకి. షుగరు మామూలుగా ఉంటే మూడేళ్ళకి, అంచులో ఉంటే ఏటా. క్రియాటినిన్ అయితే బీపీ, షుగరు, ఉద్దానం మూలాలు ఏవీ లేకపోతే రెండేళ్ళకి చాలు. బీపీ మాత్ర మొదలైతే అదుపులోకి వచ్చేదాకా నెలకోసారి, తర్వాత మూడు నుంచి ఆరు నెలలకి. రిపోర్టు వచ్చాక దాన్ని ఫోన్లో పంపి "ఓకేనా సార్" అని అడిగి వదిలెయ్యకండి. రెండోసారి వెళ్ళి కూర్చోండి, అసలు పని ఆ రెండో విజిట్‌లోనే జరుగుతుంది. అంకెలన్నీ ఒక నోట్‌బుక్కులో, సంవత్సరం ఒక వరసగా రాసుకోండి. డాక్టరు మారినా ఆ వరస మారదు.

మీ తమ్ముడికి కూడా మీ నాన్నగారి చరిత్రే వర్తిస్తుంది, 35 అని ఆగక్కర్లేదు. బీపీ, ఫాస్టింగ్ షుగరు, లిపిడ్, ఒక్కసారి లైపోప్రోటీన్-ఏ. ముందు మీరు చేయించుకోండి. మీ ఎల్‌డీఎల్ 190 దాటినా, మీ లైపోప్రోటీన్-ఏ ఎక్కువ వచ్చినా అతను ఆ నెలలోనే చేయించుకోవాలి. ఎల్‌డీఎల్ అంత ఎక్కువగా ఉంటే మీ పిల్లల లిపిడ్ కూడా పిల్లల డాక్టరుకి చెప్పి చూపించాలి. మీ తమ్ముడు సిగరెట్ తాగుతాడని రాశారు కదా, ఈ టెస్టులన్నిటికంటే ముందు మాట్లాడాల్సింది దాని గురించి. నికోటిన్ చూయింగ్ గమ్ 2 మిల్లీగ్రాములా, 4 మిల్లీగ్రాములా అన్నది నిద్ర లేచిన అరగంటలోపు మొదటి సిగరెట్ వెలిగిస్తాడా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అరగంటలోపే అయితే 4. గమ్ము గబగబా నమలకూడదు. కాస్త నమిలి, ఘాటు తగలగానే బుగ్గన పెట్టుకోవాలి. నమలడానికి పావుగంట ముందు నుంచి కాఫీ, కూల్‌డ్రింకు తాగకూడదు, తాగితే మందు ఒంటికి పట్టదు.